కలపడం తేలిక, విడదీయడమే కష్టం: ప్రోగ్రామింగ్‌లో పేర్ల శైలి మార్పిడి

పిన్ కోడ్ అన్నది ఒక మాటా, రెండు మాటలా? తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్య పేరులో ‘పిన్’ అనేది పోస్టల్ ఇండెక్స్ నంబర్ అన్న మూడు మాటల తొలి అక్షరాల కూర్పు. దానికి ‘కోడ్’ చేర్చి పలకడం ఎంత అలవాటైపోయిందంటే, చాలామంది చెవికి అది ఒకే మాటగా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నతో ఎవరికీ పనిలేదు. ఒక దరఖాస్తు ఫారానికి ప్రోగ్రామ్ రాసేటప్పుడు మాత్రం ఆ గడికి ఒక పేరు పెట్టాలి, ఆ పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. డేటాబేస్ చూసే మనిషి పిన్_కోడ్ అని నడుమ అండర్‌స్కోర్ పెడతాడు. జావాస్క్రిప్ట్ రాసే అమ్మాయి రెంటినీ అంటించి, ‘కోడ్’లోని మొదటి అక్షరాన్ని మాత్రం పెద్దది చేస్తుంది. పిన్ సంక్షిప్త నామం కనుక దాని మూడు అక్షరాలూ పెద్దవే ఉండాలని మరొకరు పట్టుబడతారు. అంతా చిన్న అక్షరాలతో ఒకే మాటగా రాసి ఊరుకునేవారు నాలుగోవారు. ఈ నాలుగూ ఒకే గడి పేర్లని యంత్రానికి తెలియజేసే పనిని సాధారణంగా పది వరుసల చిన్న ఫంక్షన్‌కు, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకు, అప్పగిస్తాము. అది ఎక్కడ, ఎందుకు తప్పుతుందన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా ఒక మాట. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడా లేదు కనుక, ఇంగ్లిషు పేర్లలో పెద్ద అక్షరం ఎక్కడ పడిందో ఇక్కడ మాటల్లోనే చెప్పవలసి వస్తోంది. ఈ ఇబ్బందికి అసలు విషయంతోనూ సంబంధం ఉంది, దాని గురించి తర్వాత.

ప్రోగ్రామింగ్‌లో వాడుకలో ఉన్న శైలులు ప్రధానంగా నాలుగు. మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి అంతా చిన్న అక్షరాలతో రాస్తే స్నేక్ కేస్. హైఫన్ పెడితే, చువ్వకు గుచ్చిన ముక్కల్లా ఉంటుందని, కెబాబ్ కేస్. ఏ గుర్తూ పెట్టకుండా రెండో మాట నుంచి ప్రతి మాట తొలి అక్షరాన్నీ పెద్దది చేస్తే, నడుమ మూపురం లేచినట్టు కనిపిస్తుందని, క్యామెల్ కేస్. మొదటి మాటకు కూడా పెద్ద అక్షరమే వాడితే పాస్కల్ కేస్. అన్నీ పెద్ద అక్షరాలతో అండర్‌స్కోర్లు పెట్టి రాసేది స్నేక్ కేస్‌కే మరో రూపం. స్థిరాంకాలకు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందే అమరికలకు) దాన్ని వాడతారు.

ఇన్ని శైలులు ఎందుకు పుట్టాయంటే, కొంత అభిరుచి, మరికొంత కీబోర్డు. కోబాల్ భాషలో పేర్ల మధ్య హైఫన్ చెల్లుతుంది, లిస్ప్‌లోనూ చెల్లుతుంది. సీ వంటి భాషలలో మాత్రం హైఫన్ అంటే తీసివేత గుర్తు, కాబట్టి పిన్-కోడ్ అని రాస్తే పిన్ నుంచి కోడ్‌ను తీసివేయమన్న ఆజ్ఞ అవుతుంది. అండర్‌స్కోర్ ఆ స్థానంలోకి వచ్చింది గాని, అదీ మొదటి నుంచి అందరికీ అందుబాటులో లేదు. కంప్యూటర్‌లో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టిక ఆస్కీ. 1963 నాటి ఆస్కీ ప్రమాణంలో ఇప్పుడు అండర్‌స్కోర్ ఉన్న చోట ఎడమ వైపుకు చూసే బాణం గుర్తు ఉండేది. 1967 సవరణలో ఆ స్థానం అండర్‌స్కోర్‌కు దక్కింది. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో రూపొందిన స్మాల్‌టాక్ భాష ఆ పాత బాణాన్నే విలువ కేటాయించే గుర్తుగా వాడుకుంది. అండర్‌స్కోర్ లేని చోట మాటలను పెద్ద అక్షరాలతో వేరు చేయడం సహజమైన దారి అయింది, ఆ అలవాటు తర్వాతి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలకూ పాకింది. పైథాన్ భాష మాత్రం 2001లో వెలువడిన పెప్ 8 అనే శైలి పత్రంలో ఫంక్షన్లకు, వేరియబుల్స్‌కు స్నేక్ కేస్‌ను, క్లాసులకు పాస్కల్ తరహాను నిర్దేశించింది. డేటాబేస్‌ల సంగతి వేరు. కొటేషన్ గుర్తులు లేని పేర్లన్నిటినీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ చిన్న అక్షరాలలోకి మార్చేస్తుంది కనుక, క్యామెల్ కేస్‌లో పెట్టిన కాలమ్ పేరులోని మూపురాలు అక్కడికి చేరగానే చదునైపోతాయి. అందుకే డేటాబేస్‌లో స్నేక్ కేస్, బ్రౌజర్‌లో క్యామెల్ కేస్, చిరునామా పట్టీలో కెబాబ్ కేస్ అన్న పంపకం స్థిరపడింది. ఒకే పేరు రోజుకు లక్ష సార్లు ఈ హద్దులు దాటుతుంది, దాటిన ప్రతిసారీ వేషం మారుస్తుంది.

ఈ మార్పిడిని చాలామంది అక్షరాలను మార్చే పనిగా చూస్తారు. నిజానికి అది రెండు పనులు: పేరును మాటలుగా విడదీయడం, ఆ మాటలను కొత్త పద్ధతిలో కలపడం. బడిలో తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ రెంటి మధ్య తేడా కొత్త కాదు. రామ, ఆలయం అన్న రెండు మాటలిస్తే రామాలయం అని కలపడానికి సవర్ణదీర్ఘ సంధి సూత్రం ఒక్కటి చాలు. రామాలయం ఇచ్చి విడదీయమంటే, రెండో మాట ‘ఆలయం’ అని చెప్పేది సూత్రం కాదు, ఆ మాట మనకు ముందే తెలిసి ఉండటం. సూత్రం ప్రకారం హ్రస్వ అకారం ఉన్నా దీర్ఘం ఉన్నా ఫలితం ఒకటే. ఏది ఉండేదన్న సమాచారం కలిసినప్పుడే పోయింది. క్యామెల్ కేస్ కూడా ఒక రకమైన సంధే. అక్కడ పోయేది మాటల మధ్య హద్దు ఎక్కడుందన్న సమాచారం. మిగిలేది పెద్ద అక్షరం అన్న ఆనవాలు. ఆ ఆనవాలు అన్నిసార్లూ నమ్మదగినది కాదు.

అందరికీ మొదట తోచే నియమం, పెద్ద అక్షరం కనిపించిన ప్రతిచోటా దాని ముందు అండర్‌స్కోర్ పెట్టి, అక్షరాన్ని చిన్నది చేయడం. యూజర్‌నేమ్‌లో ‘నేమ్’ తొలి అక్షరం పెద్దదైతే యూజర్_నేమ్ వస్తుంది, బాగానే ఉంటుంది. పిన్ మూడు అక్షరాలూ పెద్దవిగా ఉన్న పిన్‌కోడ్‌ను ఇదే నియమానికి అప్పగిస్తే పి_ఐ_ఎన్_కోడ్ వస్తుంది. ఇది చూడలేక ప్రోగ్రామర్లు రెండు అంచెల నియమాన్ని అల్లారు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్‌లోనూ ఇంకా అనేక గ్రంథాలయాల్లోనూ (అంటే సిద్ధంగా దొరికే కోడ్ సంపుటాల్లోనూ) దాని రూపాంతరాలే కనిపిస్తాయి. మొదటి అంచెలో, పెద్ద అక్షరాల వరుస తర్వాత చిన్న అక్షరం వస్తే, ఆ వరుసలోని చివరి పెద్ద అక్షరాన్ని తర్వాతి మాటకు ఇచ్చి దాని ముందు కోత పెడతారు. రెండో అంచెలో, చిన్న అక్షరం లేదా అంకె పక్కన పెద్ద అక్షరం ఉంటే అక్కడ కోత పెడతారు. పి, ఐ, ఎన్, సి అన్న నాలుగు పెద్ద అక్షరాల తర్వాత చిన్న ‘ఓ’ వచ్చింది కనుక ‘సి’ తర్వాతి మాటకు పోతుంది. పిన్_కోడ్ అని చక్కగా విడిపోతుంది.

ఈ నియమం చూడటానికి తెలివైనదే, అయినా దానికి భాష తెలియదు. యూజర్ ఐడీలు అని బహువచనంలో చెప్పడానికి ‘ఐడీ’ రెండక్షరాలనూ పెద్దవిగా, చివర ‘ఎస్’ను చిన్నదిగా రాస్తారు. నియమం ఆ చిన్న ‘ఎస్’ను చూసి, దాని ముందున్న ‘డి’తో కొత్త మాట మొదలైందనుకుంటుంది. ఫలితం యూజర్_ఐ_డీస్. ఇంటర్నెట్ చిరునామాల ఆరో రూపాంతరాన్ని ఐ, పి పెద్దవిగా, ‘వి’ చిన్నదిగా, పక్కన 6 అంకెతో రాయడం లోకవ్యవహారం. నియమం దాన్ని ఐ_పీవీ6 అని నరుకుతుంది. మన దగ్గర రోజూ తగిలేది యూపీఐ ఐడీ. రెండూ సంక్షిప్త నామాలే, రెంటినీ పెద్ద అక్షరాలతోనే రాస్తే ఐదు పెద్ద అక్షరాలు ఏ సందూ లేకుండా వరుసగా నిలబడతాయి. ‘యూపీఐ’ ఎక్కడ ముగిసి ‘ఐడీ’ ఎక్కడ మొదలైందో ఆ వరుసలో ఏ ఆనవాలూ లేదు. ఎంత గొప్ప రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) రాసినా అది బయటపడదు, ఎందుకంటే ఆ సమాచారం అక్కడ లేనే లేదు.

సంక్షిప్త నామాలను ఎలా రాయాలన్న దానిపై భాషల పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేదు. హెచ్‌టీటీపీ వంటివాటిని క్లాసు పేర్లలో పూర్తిగా పెద్ద అక్షరాలతో రాయడమే మేలని పెప్ 8 అంటుంది. రెండక్షరాల సంక్షిప్తమైతే రెండూ పెద్దవి, మూడు లేదా అంతకు మించితే మొదటిది మాత్రమే పెద్దది అన్నది మైక్రోసాఫ్ట్ డాట్ నెట్ మార్గదర్శకాల పద్ధతి. గో భాషలో అన్నీ పెద్దవో, అన్నీ చిన్నవో ఉండాలి, మధ్యే మార్గం కూడదంటారు. గూగుల్ వారి జావా శైలి పత్రం సంక్షిప్తాన్నీ మామూలు మాటగానే లెక్కించి తొలి అక్షరం ఒక్కటే పెద్దది చేయమంటుంది. ఇక ఒకే పేరులో రెండు పద్ధతులూ కలిసిన ఉదాహరణలు ఏళ్ల తరబడి మన కళ్ల ముందే ఉన్నాయి. బ్రౌజర్లలోని ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అన్న వస్తువు పేరులో ‘ఎక్స్‌ఎంఎల్’ మూడక్షరాలూ పెద్దవి, ‘హెచ్‌టీటీపీ’లో మొదటి అక్షరం మాత్రమే పెద్దది. జావాలోని హెచ్‌టీటీపీ యూఆర్‌ఎల్ కనెక్షన్ అన్న క్లాసులోనూ ఇదే తంతు: ‘హెచ్‌టీటీపీ’కి ఒక న్యాయం, పక్కనే ఉన్న ‘యూఆర్‌ఎల్’కు మరో న్యాయం. రెండంచెల నియమం ఈ రెంటినీ సరిగ్గానే విడదీస్తుంది. విడదీసినదాన్ని మళ్లీ కలిపితే మాత్రం పాత పేరు రాదు, ఎందుకంటే ఏ ముక్క పూర్తిగా పెద్దదో ఏది కాదో స్నేక్ కేస్‌లోకి దిగినప్పుడే చెరిగిపోయింది. రైల్స్ పత్రాలు ఈ విషయాన్ని దాచకుండా చెబుతాయి: ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ అన్న పేరు స్నేక్ కేస్‌లోకి వెళ్లి తిరిగొస్తే, ‘ఎస్‌ఎస్‌ఎల్’లో మొదటి ‘ఎస్’ ఒక్కటే పెద్దదిగా మిగులుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మనం వికారమని తోసిపుచ్చిన మొదటి నియమం, అంటే ప్రతి పెద్ద అక్షరం ముందూ కోత పెట్టేది, సమాచారాన్ని పోగొట్టదు. పి_ఐ_ఎన్_కోడ్ కంటికి బాగుండదు గాని, దాన్ని తిరిగి కలిపితే మూడు పెద్ద అక్షరాల పిన్ యథాతథంగా వస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం తెలిసే ఈ దారి పట్టింది. ఒక మూలకానికి డేటా-యూజర్-నేమ్ అన్న గుణం పెడితే జావాస్క్రిప్ట్ వైపు అది డేటాసెట్‌లో క్యామెల్ కేస్ యూజర్‌నేమ్‌గా కనిపిస్తుంది; అటు నుంచి ‘ఐడీ’ రెండక్షరాలూ పెద్దవిగా యూజర్‌ఐడీ అని పెడితే ఇటు డేటా-యూజర్-ఐ-డి అని వస్తుంది. అందం లేదు, అయినా రానూ పోనూ ఒకటే దారి. ఆ దారిని కాపాడటానికి ప్రమాణం మరో జాగ్రత్త కూడా తీసుకుంది: జావాస్క్రిప్ట్ వైపు పేరులో హైఫన్, దాని వెంటనే చిన్న అక్షరం ఉంటే ఒప్పుకోకుండా దోషం చూపుతుంది, లేకపోతే రెండు వేర్వేరు పేర్లు ఒకే గుణంగా మారే ప్రమాదం ఉంది. చదవడానికి బాగుండటం, వెనక్కి రాగలగడం అన్న ఈ రెండు గుణాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. మార్పిడి ఫంక్షన్ రాసేవారు తాము ఏది ఎంచుకుంటున్నారో తెలిసి ఎంచుకోవాలి. తెలివైన నియమం రాశామన్న తృప్తిలో వెనక్కి వచ్చే దారి మూసేశామని గమనించకపోవడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తాయి.

అంకెల దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఫారంలో చిరునామాకు రెండు వరుసలుంటాయి కనుక అడ్రస్_1, అడ్రస్_2 అని కాలమ్‌లు పెట్టారనుకుందాం. క్యామెల్ కేస్‌లోకి వెళ్లేటప్పుడు అండర్‌స్కోర్ పోయి అడ్రస్1, అడ్రస్2 అవుతాయి. అంకెకు పెద్ద రూపం లేదు కనుక హద్దుకు ఆనవాలు మిగలదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్స్ తరహా నియమం అక్కడ కోత పెట్టదు, జావాస్క్రిప్ట్‌లో ప్రసిద్ధమైన లోడాష్ గ్రంథాలయం మాత్రం అంకెను వేరే ముక్కగా లెక్కించి కోత పెడుతుంది. అంటే ఒకే పేరుకు రెండు గ్రంథాలయాలు రెండు జవాబులిస్తాయి. సర్వర్ ఒకదాన్ని, బ్రౌజర్ మరొకదాన్ని వాడుతుంటే, వినియోగదారు నింపిన రెండో వరుస ఏ కాలమ్‌కూ చేరదు. ఏ దోషమూ కనిపించదు, ఏ హెచ్చరికా రాదు. కొన్ని నెలల తర్వాత ఎవరికో పార్సెల్ అందకపోతే తప్ప బయటపడదు. ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపే పద్ధతి అయిన గూగుల్ ప్రొటోకాల్ బఫర్స్ శైలి మార్గదర్శకాలు అంకెను అండర్‌స్కోర్ తర్వాత కాకుండా అక్షరానికి ఆనించి రాయమని సూచించింది ఇలాంటి తలనొప్పులను దృష్టిలో పెట్టుకుంటేనే అర్థమవుతుంది.

మార్చకూడనివాటిని మార్చడం మరో పొరపాటు. సమాచారాన్ని ఎడమన పేరు, కుడిన విలువ అన్న జతలుగా పంపే రూపం జేసన్. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌లోని పేర్లన్నిటినీ లోపలి పొరలదాకా ఒకేసారి క్యామెల్ కేస్‌లోకి మార్చే ఉపకరణాలు చాలా ఉన్నాయి, అవి సౌకర్యంగానూ ఉంటాయి. కాని జేసన్‌లో ఎడమ వైపున్న ప్రతిదీ ప్రోగ్రామర్ పెట్టిన పేరు కాదు. కొన్నిసార్లు అదే సమాచారం. ఒక సందేశానికి వేర్వేరు భాషల అనువాదాలను భాష సంకేతం కింద పేర్చారనుకోండి. భారతదేశపు తెలుగుకు సంకేతం ‘టీఈ’ చిన్న అక్షరాలతో, అండర్‌స్కోర్, ‘ఐఎన్’ పెద్ద అక్షరాలతో ఉంటుంది. మార్పిడి ఉపకరణం దాన్నీ గడి పేరే అనుకుని అండర్‌స్కోర్ తీసేసి, ‘ఎన్’ను చిన్నది చేసి, ప్రపంచంలో ఎవరికీ తెలియని ఒక భాషను సృష్టిస్తుంది. తెలుగు అనువాదం అక్కడే ఉంటుంది, తెర మీద మాత్రం ఇంగ్లిషు కనిపిస్తుంది. మాంగోడీబీ అనే డేటాబేస్‌లో ప్రతి పత్రానికీ ఉండే, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఐడీకి కూడా ఇదే గతి: లోడాష్ మొదట్లో ఉన్న అండర్‌స్కోర్‌ను ఊడ్చేస్తుంది, ఆ తర్వాత అది మామూలు ఐడీతో కలిసిపోతుంది.

పెద్ద అక్షరాన్ని చిన్నది చేయడమైనా తిరుగులేని పని అనుకుంటే అదీ పొరపాటే. ఆస్కీలో పెద్ద ‘ఏ’ సంఖ్య 65, చిన్నది 97. ఏ అక్షరానికైనా తేడా 32, అంటే ఒక్క బిట్టు. ఆ పట్టికకు అవతల లోకం ఇంత చదునుగా లేదు. టర్కిష్ భాషలో చుక్క ఉన్న ‘ఐ’, చుక్క లేని ‘ఐ’ రెండు వేర్వేరు అక్షరాలు, రెంటికీ పెద్ద రూపాలు వేరుగా ఉన్నాయి. కనుక టర్కిష్ అమరికలున్న కంప్యూటర్ మీద జావా ప్రోగ్రామ్ నడిపి, ఏ భాష నియమమో చెప్పకుండా, అన్నీ పెద్ద అక్షరాలతో ఉన్న టైటిల్ అన్న పేరును చిన్న అక్షరాలలోకి మార్చమంటే, చుక్క లేని ‘ఐ’తో వేరే పేరు వస్తుంది. కోడ్‌లోని పేర్లను మార్చేటప్పుడు ఏ దేశానికీ చెందని తటస్థ నియమాన్ని స్పష్టంగా కోరడమే దీనికి మందు.

మన లిపి సంగతికి వస్తే సమస్య తలకిందులవుతుంది. పెద్ద, చిన్న తేడాయే లేదు కనుక తెలుగులో క్యామెల్ కేస్ అసాధ్యం. స్నేక్ కేస్ ఒక్కటే దారి. పైథాన్ మూడో తరం నుంచి తెలుగు పేర్లను అనుమతిస్తుంది, పేరు అన్న మాటనే వేరియబుల్‌గా పెట్టుకోవచ్చు. గో భాషలో పరిస్థితి వేరు. ధర అన్న పేరు అక్కడ చెల్లుతుంది గాని, పేరు అన్న పేరు చెల్లదు, ఎందుకంటే గో అక్షరాలనే ఒప్పుకుంటుంది, ఏత్వం, కొమ్ము వంటి గుణింతపు గుర్తులను ఒప్పుకోదు. చెల్లిన ‘ధర’ కూడా తన ప్యాకేజీ దాటి బయటికి రాలేదు. గోలో బయటికి కనిపించాలంటే పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, ‘ధ’కు పెద్ద రూపం ఎక్కడిది?

ఇంకా నష్టం కలిగించేది విడదీసే పనే. అక్షరాలు, అంకెలు కానివాటిని మాటల మధ్య హద్దుగా లెక్కించమని పైథాన్ సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌కు చెబితే, అది గుణింతపు గుర్తులను అక్షరాలుగా గుర్తించదు. అలాంటి ఫంక్షన్‌కు తెలుగు అన్న మాటనే ఇస్తే ఎత్వం, కొమ్ములు హద్దులుగా మారి త_ల_గ అని వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి వాడే సంకేతం ఇంగ్లిషు అక్షరాలకే పరిమితం కనుక మూడు హల్లులు కూడా మిగలవు, ఖాళీ మాట చేతికొస్తుంది. యూనికోడ్ వర్గాలలో అక్షరాలతో పాటు గుర్తుల వర్గాన్ని కూడా మాటలో భాగంగా చేర్చితేనే తెలుగు తెలుగుగా నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో పొల్లు విడిగా కనిపించడానికి మనం వాడే కనిపించని గుర్తు కూడా ఉంది. దాన్ని వేరియబుల్ పేరులో పెడితే పైథాన్ దోషం చూపుతుంది, తెరమీద మాత్రం అక్కడ ఏమీ కనిపించదు.

ఆచరణలోకి వస్తే, ఊహించే ఫంక్షన్‌ను మెరుగుపరచడం కన్నా ఊహించవలసిన అవసరాన్ని తగ్గించడమే నా దృష్టిలో సరైన పని. కొత్తగా రాసే కోడ్‌లో సంక్షిప్త నామాలను మామూలు మాటల్లాగా, తొలి అక్షరం ఒక్కటే పెద్దదిగా రాస్తే, చదవడానికి బాగుండటం, వెనక్కి రాగలగడం రెండూ చాలా మేరకు ఒకే చోట కుదురుతాయి; యూపీఐ ఐడీ కూడా రెండు మూపురాలతో నిస్సందేహంగా విడిపోతుంది. అంకెలను ముందు మాటకు ఆనించాలి. మార్పిడిని హద్దు దగ్గర ఒక్క చోట, ఒక్క గ్రంథాలయంతో చేయాలి. గోలో జేసన్ పేరును గడి పక్కనే రాసిపెట్టే పద్ధతి ఉంది, రస్ట్ భాషలోని సెర్డే గ్రంథాలయంలోనూ గడికో పేరు చెప్పే వీలుంది. రెండు వైపుల పేర్లూ పక్కపక్కన కంటికి కనిపిస్తుంటే ఊహకు తావే ఉండదు.

పాత పేర్లను మార్చలేని చోట సంక్షిప్తాల జాబితా ఒకటి ఇవ్వడం మామూలు. రైల్స్‌లో ‘హెచ్‌టీఎంఎల్’ అనేది సంక్షిప్తమని ముందుగా ప్రకటిస్తే కలిపేటప్పుడు నాలుగు అక్షరాలనూ పెద్దవిగా నిలుపుతుంది. ఈ జాబితాకు ఒక మాట చేర్చడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, చేర్చిన క్షణం నుంచి ఆ ముక్క ఉన్న పాత పేర్లన్నీ కొత్త రూపంలో కలుస్తాయి. నిన్న దొరికిన క్లాసు ఈ రోజు దొరకదు. అందుకని జాబితాను ముట్టుకునే ముందు, ప్రాజెక్టులోని గడుల పేర్లన్నిటినీ ఒకసారి అటు మార్చి, ఇటు మార్చి, తేడా వచ్చినవాటిని, రెండు పేర్లు ఒకటైపోయినవాటిని అచ్చు వేసే పరీక్ష ఒకటి రాసుకోవడం మంచిది. ఇరవై వరుసలు మించని ఆ పరీక్ష మొదటిసారి నడిపినప్పుడు అచ్చయ్యే జాబితాలో పిన్ కోడ్ కూడా ఉంటే, అది ఒక మాటా రెండు మాటలా అన్నది నలుగురూ కూర్చుని ఆ పూటే తేల్చుకోవచ్చు.